కొండదారికి ఒక పగ్గము

డీజిలు ట్రక్కులో టార్కు కన్వర్టరు లాకప్‌ను డ్రైవరు చేతికి అప్పగించు చిన్న స్విచ్చి: దాని ప్రయోజనము, దాని ప్రమాదము

అమెరికా సంయుక్త రాష్ట్రములలో డెన్వరు నగరమునుండి పడమరగా బయలుదేరు 70వ నంబరు అంతర్రాష్ట్ర రహదారి, రాకీ పర్వతపంక్తిని దాటుటకై క్రమక్రమముగా పైకి సాగి, సముద్రమట్టమునకు సుమారు 3,400 మీటర్ల యెత్తున ఐసెన్‌హోవరు సొరంగములో ప్రవేశించును. 1973లో ఒక మార్గముతోడను, 1979లో రెండవ మార్గముతోడను వాహనములకు తెరువబడిన ఆ సొరంగమును చేరుదారులందు కొన్నిచోట్ల వాలు 7 శాతము వఱకు కలదు. అనగా నూరు అడుగులు ముందుకు సాగిన బండి ఏడు అడుగులు పైకి లేవవలెను. మూడు టన్నుల ట్రక్కు వెనుక నాలుగు టన్నుల ట్రెయిలరును తగిలించి, ఆ యేడు టన్నుల భారమును గంటకు 60 కిలోమీటర్ల వేగమున అట్టి వాలుపై నెక్కించుటకు, గాలి యెదురును టైర్ల రాపిడిని లెక్కలోనికి తీసికొనకయే, 80 కిలోవాట్ల శక్తి, అనగా 107 హార్సుపవరు, ఎడతెగక కావలసివచ్చును. ఆవలి ప్రక్క అదే వాలున అదే వేగముతో దిగునపుడు ఆ 80 కిలోవాట్లే బండిని వెనుకనుండి ముందుకు నెట్టును. గాలియు టైర్లును హరింపగా మిగిలిన భాగమంతయు ఎచ్చటనో ఒకచోట వేడిమిగా మారి తీరవలెను. ఎక్కునపుడు ఇంజను శక్తి నష్టపడక చక్రములకు చేరుటకును, దిగునపుడు చక్రముల వేగమును ఇంజను పట్టి నిలుపుటకును, ఆ రెంటి నడుమ గల బంధము గట్టిదై యుండవలెను. ఆటోమేటిక్ గేర్‌బాక్సు గల పాత డీజిలు ట్రక్కులలో ఆ బంధమే సందేహాస్పదము. ఆ సందేహమును తీర్చుకొనుటకై డాడ్జి రామ్ ట్రక్కుల యజమానులు పలువురు తమంతట తాము అమర్చుకొను ఒక చిన్న స్విచ్చియే ఈ కథనమునకు వస్తువు.

శ్రీశైలము ఘాటులోనో, అనంతగిరి ఘాటులోనో, మారేడుమిల్లి దారిలోనో లారీ నడపిన తెలుగు డ్రైవరునకు ఇందలి మూలసూత్రము క్రొత్తది కాదు. ఏ గేరులో ఎక్కిన ఘాటును ఆ గేరులోనే దిగవలెనన్నది పాత డ్రైవర్లు క్లీనర్లకు తొలిదినములలోనే నూరిపోయు పాఠము. డీజిలు ఆదా యగునను ఆశతో న్యూట్రల్‌లో బండిని వదలి, బ్రేకులు కాలి, మలుపునొద్ద పట్టుతప్పిన లారీల ఉదంతములు ఆ పాఠమునకు విషాదకరమైన వ్యాఖ్యానములు. అయితే మన లారీలలో ఇంజనునకును గేర్‌బాక్సునకును నడుమ నున్నది క్లచ్చి ప్లేటు. పెడలుపైనుండి కాలు తీసినంతనే ఆ రెండును ఏకమై తిరుగును. ఆటోమేటిక్ బండిలో ఆ స్థానమున నున్నది టార్కు కన్వర్టరు. దానిలో శక్తిని మోయునది లోహము కాదు, నూనె.

నూనె చేయు పని

హెర్మన్ ఫొట్టింగరు అను జర్మను ఇంజనీరు, స్టెట్టిన్ రేవులోని వుల్కాన్ నౌకానిర్మాణశాలలో పనిచేయుచు, 1905లో ఈ సాధనమునకు పేటెంటు పొందెను. మిక్కిలి వేగముగా తిరుగు ఆవిరి టర్బైనును, నెమ్మదిగా తిరుగవలసిన ఓడ ప్రొపెల్లరును జతపఱచుట యెట్లు అన్నది ఆతని సమస్య. భూమిపై తిరుగు బండ్లకు ఇది ఉపకరింపగలదను ఊహ తరువాతివారిది. కవ్వమును వడిగా త్రిప్పునపుడు లోపలి మజ్జిగయే గాక కుండయు తిరుగజూచుటను, ఇల్లాలు దానిని పాదములతో అదిమిపట్టుటను చూచినవారికి ఇందలి కిటుకు సులభముగా బోధపడును. ఇంజనుతో కలసి తిరుగు ఇంపెల్లరు నూనెను వెలుపలికి చిమ్మును. ఆ నూనె ఎదుటనున్న టర్బైను రెక్కలను త్రోసి దానిని త్రిప్పును. టర్బైనునుండి మరలివచ్చు నూనె ఇంపెల్లరునకు ప్రతికూలదిశలో తగులకుండ, ఆ రెంటి నడుమ నున్న స్టేటరు దాని దారిని మళ్లించి అనుకూలముగా పంపును. ఈ స్టేటరు మూలముననే, బండి కదలు తరుణమున ఇంజను టార్కు ఇంచుమించు రెండింతలై గేర్‌బాక్సునకు చేరును. బరువైన ట్రెయిలరును నిలుకడనుండి కదలించు క్షణమున ఇంతకంటె మేలైన సహాయము లేదు. కుదుపులేదు, క్లచ్చి కాలుటలేదు, ఇంజను ఆగుటలేదు.

కాని ఈ యుపకారమునకు మూల్యము కలదు. ఇంజను లాగుచున్నంతకాలము టర్బైను ఇంపెల్లరుతో సమానవేగమును అందుకొనజాలదు. ఆ వేగభేదమునే మెకానిక్కులు స్లిప్పు అందురు. అట్లు జారిపోయిన శక్తి యంతయు నూనెలో వేడియై నిలుచును. పైని చెప్పిన ఎక్కుడులో పదవవంతు జారినను 8 కిలోవాట్ల వేడి, కొండ ముగియునంతవఱకు, గేర్‌బాక్సు నూనెలో చేరుచునే యుండును. గేర్‌బాక్సు డిప్‌స్టిక్కును వెలికిదీసి తెల్లని గుడ్డపై తుడిచి చూచినచో, ఆరోగ్యముగల నూనె నిగనిగలాడు ఎఱుపురంగున నుండును. 120 డిగ్రీల సెల్సియసు దాటి పలుమారులు కాగిన నూనె గోధుమవన్నెకు తిరిగి, మాడిన వాసన వేయును. ఆ వాసన నూనెది మాత్రమే కాదు. లోపలి క్లచ్చి ప్లేట్ల లైనింగు కాలుచున్నదనుటకు అది తొలి హెచ్చరిక.

ఈ నష్టమును నివారించుటకై కల్పింపబడినది లాకప్ క్లచ్చి. కన్వర్టరు లోపల, ముందుమూతకు ఎదురుగా, లైనింగు అంటించిన ఒక పిస్టను ఉండును. నూనె ఆ పిస్టనునకును మూతకును నడుమనుండి ప్రవేశించునపుడు పిస్టను ఎడముగా నుండును. వాల్వు తిరిగి నూనె దారి మాఱినచో, వెనుకనుండి వచ్చు ఒత్తిడికి పిస్టను మూతకు అదుముకొని, ఇంజనును టర్బైనును ఒక్కటై తిరుగును. కాలు కదపకయే టాకోమీటరు ముల్లు రెండు మూడువందల ఆర్.పి.ఎం. మేర క్రిందికి దిగుటయు, బండి ఒక్కసారిగా బిగిసినట్లు తోచుటయు డ్రైవరు దీనిని గుర్తించు చిహ్నములు. ప్యాకార్డు కంపెనీ 1949లో తెచ్చిన అల్ట్రామాటిక్ గేర్‌బాక్సులోనే ఈ యేర్పాటు కలదు. క్రైస్లరు 1978 మోడలు కార్లలో దీనిని ప్రవేశపెట్టుటకు ప్రేరణ చమురు సంక్షోభము నేర్పిన పొదుపు. మన దేశమునందు మన్ మోహన్ సూరి డీజిలు రైలింజనులకై రూపొందించిన సూరి ట్రాన్స్‌మిషన్‌లో మూలభావన ఇదియే: కదలునపుడు నూనె సాయము, వేగమందుకొన్న పిదప యాంత్రికబంధము. ఆయనకు 1962లో శాంతిస్వరూప్ భట్నాగర్ బహుమానము లభించెను.

యంత్రము చూడని కొండ

కమిన్స్ వారి 5.9 లీటర్ల ఆరు సిలిండర్ల డీజిలు ఇంజను 1989 మోడలులో డాడ్జి ట్రక్కునకు వచ్చినపుడు దాని బలము 160 హార్సుపవరు మాత్రమే. కాని దాని టార్కు 400 పౌండ్-అడుగులు, అదియును 2,000 ఆర్.పి.ఎం. చేరకమునుపే. తొలి యేండ్ల ఆటోమేటిక్ డీజిలు ట్రక్కులకు లాకప్ లేకపోయెను. 1994లో వచ్చిన రెండవ తరమునకు 47ఆర్‌హెచ్ అను గేర్‌బాక్సును, 1996 నుండి దాని ఎలక్ట్రానిక్ రూపమైన 47ఆర్‌ఈని అమర్చిరి. రెంటికిని నాలుగు గేర్లు, నాలుగవది 0.69 నిష్పత్తి గల ఓవర్‌డ్రైవు. లాకప్ కలదు గాని, దానిని బిగించు అధికారము కంప్యూటరుది.

ఆ కంప్యూటరు బండి వేగమును, యాక్సిలరేటరు స్థితిని, ఇంజను వెచ్చదనమును, బ్రేకు పెడలును గమనించి నిర్ణయించును. చదునైన దారిపై ఖాళీబండికి ఆ నిర్ణయములు చక్కగనే యుండును. బరువుతో కొండ యెక్కునపుడు మాత్రము, డ్రైవరు కాలు గట్టిగా నొక్కినంతనే లాకప్‌ను విడుచును. వేగము కొంచెము పుంజుకొనగనే మరల బిగించును. బిగించినంతనే ఇంజను వేగము తగ్గి, డ్రైవరు మరికొంత నొక్కగా మరల విడుచును. ఇట్లు బిగియుచు విడుచుచు సాగిన పది కిలోమీటర్ల ఎక్కుడు, నిలకడగా బిగిసియుండి సాగిన నూరు కిలోమీటర్లకంటె క్లచ్చి లైనింగునకు హానికరమని నా యభిప్రాయము.

దిగుడులో లోపము ఇంతకంటె తీవ్రము. యాక్సిలరేటరుపైనుండి కాలు పూర్తిగా తీసినంతనే కంప్యూటరు లాకప్‌ను విడుచును. చదునుదారిపై అది సుఖప్రయాణమునకై చేసిన యేర్పాటు. కాని కొండ దిగు డ్రైవరు కాలు తీయుట, ఇంజను బండిని పట్టి యుంచవలెనను ఉద్దేశముతోడనే కదా. పలువురు ఈ ట్రక్కులకు ఎగ్జాస్టు బ్రేకు తగిలింతురు. పొగగొట్టములోని ఒక రెక్క మూతపడి, వెలువడు వాయువును నిరోధించి, సిలిండర్లలో ఎదురొత్తిడి పుట్టించి, ఇంజను తిరుగుటనే కష్టతరము చేయుట దాని పని. లాకప్ విడియున్నపుడు ఈ బ్రేకు వేసినచో ఇంజను వేగము పడిపోవును, బండి వేగము పడదు. నడుమనున్న నూనె జారిపోవును. ఇంజను నెమ్మదించుకొలది ఎగ్జాస్టు బ్రేకు బలము కూడ క్షీణించును గనుక, సహాయము ఎంత అవసరమో అంత దూరమగును. మిగిలిన భారమంతయు చక్రముల బ్రేకులదే.

బ్రేకులు కాలిన బండిపై కూర్చుండుట యెట్టిదో క్లెసీ కమిన్స్ స్వయముగ ఎఱుగును. ఇండియానా రాష్ట్రము కొలంబస్‌లో 1919లో కంపెనీని స్థాపించిన ఆ ఇంజను నిర్మాత, 1931లో తన డీజిలు ఇంజను సత్తువను చాటుటకై న్యూయార్కునుండి లాస్ ఏంజెలిసునకు ట్రక్కులో బయలుదేరెను; కాలిఫోర్నియాలోని కహోన్ కనుమ దిగుచుండగా బ్రేకులు పనిచేయకపోయెను. ముందు రైలుపట్టాలు, వానిపై సాగిపోవుచున్న రైలుబండి. ఢీకొనుట వెంట్రుకవాసిలో తప్పెను. ఆ భయము ఆయన మనస్సున రెండు దశాబ్దములకు పైగా నిలిచి, కంపెనీ బాధ్యతలనుండి విరమించిన తరువాత, సిలిండరులో అదిమిన గాలిని సరియైన తరుణమున విడిచిపెట్టి ఇంజనునే బ్రేకుగా మార్చు సాధనమునకు రూపమిచ్చెను. దానిని జేకబ్స్ కంపెనీ 1961లో విక్రయమునకు తెచ్చెను. నేడు పెద్ద లారీలపై జేక్ బ్రేకు అని పిలువబడునది ఇదియే. ఎగ్జాస్టు బ్రేకు వేఱు, ఇది వేఱు. కాని ఇంజను చక్రములకు గట్టిగా బంధింపబడియుండనిచో రెండును నిష్ప్రయోజనములే.

సెన్సార్లు ఇంతవఱకు జరిగినదానిని మాత్రమే కంప్యూటరునకు చెప్పగలవు. రాబోవు మలుపు, దాని వెనుకనున్న దిగుడు, వెనుక లాగుచున్న ట్రెయిలరులోని బరువు, ముందు నెమ్మదించుచున్న లారీ, ఇవి యన్నియు ఎఱిగినవాడు డ్రైవరు ఒక్కడే. కనుకనే ఆ యొక్క నిర్ణయమును ఆతని చేతికి తిరిగి ఇచ్చుట న్యాయమని నేను దృఢముగ నమ్ముచున్నాను.

తీగలు, రిలే, స్విచ్చి

పని చూచుటకు చిన్నది. గేర్‌బాక్సులో లాకప్ వాల్వును కదలించు సాలినాయిడు అను విద్యుత్ సాధనమునకు ఒకవైపు, ఇంజను నడచుచున్నంతసేపు, 12 వోల్టుల కరెంటు అందుచునే యుండును. రెండవవైపును ఎర్తుచేసి సర్క్యూటును పూర్తిచేయుటయే కంప్యూటరు చేయు పని. ఈ తరము ట్రక్కులలో ఆ రెండవవైపు తీగ నారింజరంగుపై నల్లగీత గలది. అయినను ఆ యేటి మోడలు వైరింగు పటమును ఎదుట నుంచుకొని, మల్టీమీటరుతో సరిచూచుకొనకుండ కత్తెర పెట్టరాదు. ఆ తీగకు ఒక స్విచ్చి కలిపి, స్విచ్చి రెండవకొనను బాడీకి ఎర్తుచేసినంతమాత్రముననే లాకప్ బిగియును. ఇంత సులభమగుటవలననే తొందరపాటునకు ఆస్కారమెక్కువ.

ఏలయన, కంప్యూటరు తాను ఎర్తుచేయనపుడు ఆ తీగపై 12 వోల్టులు కనబడవలెనని ఆశించును. స్విచ్చి నొక్కినపుడు సున్న కనబడగా, సర్క్యూటు చెడినదని భావించి, డ్యాష్‌బోర్డులో హెచ్చరికదీపము వెలిగించి, లోపసంకేతమును నమోదుచేయును. నేర్పుగల ఎలక్ట్రీషియను ఇందులకు ఐదు కాళ్ల చేంజోవరు రిలేను వాడును. స్విచ్చి ఆపియున్నపుడు రిలే కంప్యూటరును సాలినాయిడుతో మునుపటివలెనే కలిపియుంచును. స్విచ్చి వేసినపుడు సాలినాయిడును కంప్యూటరునుండి విడదీసి నేరుగా ఎర్తునకు కలుపును. ఆ వ్యవధిలో కంప్యూటరు తీగపై 12 వోల్టులు కనబడుచుండునట్లు, సాలినాయిడునకు బదులుగా ఒక రెసిస్టరును తగిలించును. రిలేను ఇంజను వేడికిని వాననీటికిని దూరముగా క్యాబిను లోపల నుంచి, స్విచ్చి కరెంటును ఫ్యూజుగుండా తెచ్చి, లాకప్ బిగిసినంతసేపు వెలుగు చిన్న దీపమును కంటికెదురుగ నమర్చినగాని పని ముగిసినట్లు కాదు. దానితోపాటు గేర్‌బాక్సు నూనె వేడిమిని చూపు గేజి లేనివాడు, స్విచ్చికి ముందు ఆ గేజిని కొనవలెను.

వ్యాధిని కప్పిపుచ్చుటకు ఈ స్విచ్చిని వాడువారును కలరు. 1998 నడుమనుండి వచ్చిన 24 వాల్వుల ఇంజను గల ట్రక్కులలో, గంటకు 70 కిలోమీటర్ల ప్రాంతమున, చదునుదారిపైనే లాకప్ క్షణక్షణమును బిగియుచు విడుచుచు నుండుట అందఱెఱిగిన బాధ. దీనికి తఱచు కారణము గేర్‌బాక్సు కానేకాదు. ఆల్టర్నేటరులోని డయోడు చెడి, కరెంటులో అలలు పుట్టి, యాక్సిలరేటరు స్థితిని తెలుపు సంకేతమును కలచివేయుట, లేదా ఎర్తు తీగల బిగింపులు తుప్పుపట్టుట. అట్టి బండికి స్విచ్చి అమర్చినచో లక్షణము మాయమగును, రోగము అట్లేయుండి మిగిలిన పరికరములను కూడ బాధించును.

బిగించుట, విడుచుట

కంపెనీ అమర్చిన కన్వర్టరులో ఘర్షణతలము ఒక్కటే. పంపును సవరించి, ఇంజెక్టర్లు మార్చి, ఇంజను బలమును పెంచుకొన్నవారు ఆ యొక్క తలముపై పూర్తి బలము మోపినచో అది జారి కాలును. అట్టివారికి మూడు డిస్కుల కన్వర్టరును, గట్టి ఇన్‌పుట్ షాఫ్టును ముందు తప్పవు. సాధారణ బలముగల బండిలోనైనను, పూర్తి యాక్సిలరేటరుపై నుండగా స్విచ్చి వేయరాదు; కాలును క్షణకాలము తేలికపఱచి, స్విచ్చి వేసి, ముల్లు దిగుటను చూచి, పిదప మెల్లగా నొక్కవలెను. లాకప్ బిగిసియుండగా గేరు మారినచో, నూనె మ్రింగవలసిన కుదుపు షాఫ్టులపై పడును గనుక, గేరు మారునని తోచినపుడు ముందుగనే విడువవలెను. బండిని ఆపబోవునపుడు విడుచుట మఱచిన ఫలితము మాన్యువల్ బండిలో క్లచ్చి తొక్కకుండ ఆపిన ఫలితమే: ఇంజను ఆగిపోవును, దానితో పవర్ స్టీరింగు బరువెక్కును, బ్రేకులకు అందు సహాయము సన్నగిల్లును.

ఈ భయము చేతనే పలువురు స్విచ్చి కరెంటును బ్రేకు పెడలు స్విచ్చిగుండా తెత్తురు. కాలు బ్రేకుపై పడినంతనే లాకప్ దానంతట విడును. నగరమున తిరుగు బండికి ఇది క్షేమకరమే. కాని ఏ దిగుడుకొఱకు ఈ శ్రమ యంతయు పడితిమో, ఆ దిగుడులోనే ఇది మోసగించును. కొండ దిగుచు, ఎగ్జాస్టు బ్రేకు పట్టియుంచిన బండిని మలుపునకు ముందు మరికొంత తగ్గించుటకు డ్రైవరు పెడలును తాకిన క్షణముననే, ఇంజను పట్టు సడలి, బండి ముందుకు ఉఱుకును, ఆతడు సహజముగా మరింత గట్టిగా తొక్కును, తొక్కినంతసేపు లాకప్ విడియే యుండును, బ్రేకులు కాగును. నా మతమున బ్రేకుపెడలునకు బదులుగా వేగమును ఆధారము చేసికొని, గంటకు 50 కిలోమీటర్లకు దిగువన దానంతట విడుచు కంట్రోలరును అమర్చుట మేలు. అది లభింపనిచోట, వెలుగుచున్న దీపమును చూచి చేతితో విడుచుటను అలవఱచుకొనుట మేలు. బండిని మరియొకరికి ఇచ్చునపుడు ఆ దీపమేమిటో చెప్పి ఇయ్యవలెను.

మంచు పడిన దారి మాత్రము వేఱు. వెనుకచక్రములపై బరువు తక్కువగా నున్న ఖాళీ ట్రక్కులో లాకప్ బిగించి ఎగ్జాస్టు బ్రేకు వేసినచో, ఆ నిరోధమంతయు రెండు వెనుకచక్రములపైననే పడి, వానిని జార్చి, బండి తోకను ప్రక్కకు త్రిప్పును. పొడిదారిపై వరమైన గట్టిబంధము అచ్చట శాపమగును. అట్టి దినమున లాకప్‌ను కంప్యూటరు వశమున వదలి, ఎగ్జాస్టు బ్రేకును ఆపి, ట్రెయిలరు బ్రేకులను బయలుదేరకముందే పరీక్షించుకొని, కొండపైననే వేగము తగ్గించుకొని, తక్కువ గేరులో నెమ్మదిగా దిగవలెను.